పాలలో మొదలైన కథ

సైదాబాద్ వీధుల్లో ఈపాటికి పాల ప్యాకెట్లు గుమ్మాలకు చేరి ఉంటాయి. ఇవాళ్టి మాట పాలతోనే మొదలుపెడతాను.

పచ్చి పాలలో గ్జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ ఫ్రిడోవిచ్ ఏళ్ల తరబడి దాని వెంట పడ్డారు. అది పనిచేసేటప్పుడు ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ అదనంగా అంటుకుని సూపర్ ఆక్సైడ్ పుడుతుంది. కుదురులేని, కణాన్ని గాయపరిచే రకం అది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న జో మెకార్డ్‌కు ఒక చిక్కు ఎదురైంది. పరీక్షలో వాడిన వేరే ప్రొటీన్‌లో ఏదో కల్తీ ఉంది, అది సూపర్ ఆక్సైడ్‌ను మాయం చేస్తోంది. మనమైతే కల్తీ సరుకని పారబోసేవాళ్లమేమో! మెకార్డ్ దాన్నే వడకట్టి పట్టుకున్నాడు.

తీరా చూస్తే పాత చుట్టమే. 1938లోనే పశువుల రక్తం నుంచి తీసిన, రాగి ఉన్న నీలిపచ్చ ప్రొటీన్. ముప్పై ఏళ్లకు పైగా దాని పనేమిటో ఎవరికీ తెలియలేదు. 1969లో గురుశిష్యులు దానికి సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అని పేరు పెట్టారు. ఫ్రిడోవిచ్ 2019లో, అంటే సరిగ్గా యాభై ఏళ్లకు, కన్నుమూశారు.

ఈ డిస్మ్యుటేజ్ ఎంజైము సూపర్ ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, ఆక్సిజన్‌గా మారుస్తుంది. పెరాక్సైడ్ కూడా మంచిది కాదు. దాన్ని కెటలేజ్ అనే మరో ఎంజైము విరగ్గొడుతుంది. పిల్లాడి మోకాలు చెక్కుకుపోయినప్పుడు పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది చూశారా? అది కెటలేజ్ పనే.