రాత్రి 9 దాటిన తరువాత మన పిల్లలు



గత నెల పెద్దల కూడికలో ఒక తండ్రి లేచి, రాత్రి 9 దాటిన తరువాత 16 ఏండ్లలోపు పిల్లలెవరూ వీధిలో కనబడకూడదని చెన్నై కార్పొరేషను నిబంధన తేవాలి, అందుకు మన సంఘములన్నీ కలిసి విన్నపము పంపాలి అన్నారు. ఆయన కన్నీరు చూశాము గనుక ఎవరమూ ఆ మాటను తేలికగా తీసుకొనలేదు. ఆయన కుమారుడు రాత్రులు ఎక్కడ తిరుగుచున్నాడో, ఎవరితో ఉంటున్నాడో ఆ ఇంట ఎవరికీ తెలియదు. గంజాయి భయము మనందరికీ ఉన్నదే. చాలామంది చేతులెత్తారు. మేము ఎత్తలేదు. కారణమేమని అడిగినవారికి ఈ నాలుగు మాటలు.

పిల్లలకు మాత్రమే వర్తించే కర్ఫ్యూ మన నగరములో లేదు. 2021 ఏప్రిల్‌లో కరోనా వలన రాత్రి 10 నుండి ఉదయము 4 వరకు విధించినది పెద్దలకూ పిల్లలకూ ఒకటే. అమెరికాలో మాత్రము ఇట్టి శాసనములు అనేక పట్టణములలో ఉన్నవి. మన బంధువులు అనేకులు స్థిరపడిన డల్లాస్ నగరము 1991లో 17 ఏండ్లలోపు వారికి రాత్రి కర్ఫ్యూ పెట్టింది. తప్పినవారికి 500 డాలర్ల వరకు జరిమానా. పిల్లలను తెలిసి విడిచిపెట్టిన తల్లిదండ్రులకు కూడ శిక్ష ఉండెను. అయితే 2023లో అదే టెక్సస్ రాష్ట్రము, ఏ పట్టణమూ పిల్లలపై కర్ఫ్యూ విధించరాదని చట్టము చేసింది.

అంత దూరము ఎందుకు? సుమారు పదేండ్ల క్రిందట హైదరాబాదు పాతబస్తీలో పోలీసువారు 'మిషన్ చబుత్రా' అని ఒక పని చేశారు. చబుత్రా అంటే మన అరుగే. రాత్రి పొద్దుపోయిన తరువాత అరుగులమీద కూర్చున్న కుర్రవాళ్ళను పట్టుకొనిపోయి, తల్లిదండ్రులను పిలిపించి, బుద్ధి చెప్పి పంపేవారు.

ఆ కుర్రవాడు అరుగుమీదికి ఎందుకు వచ్చాడు? పుళియంతోపులోను, వ్యాసర్పాడిలోను మన సంఘస్థుల ఇండ్లకు వెళ్ళినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఒకటే గది. నాయనమ్మ మంచము ఒక ప్రక్క, డ్యూటీ నుండి వచ్చి పడుకున్న తండ్రి ఒక ప్రక్క, పరీక్షకు చదువుకొను చెల్లెలు దీపము క్రింద. ఎదిగిన పిల్లవాడు బయటికి వస్తేనే మిగిలినవారికి కాళ్ళు చాపుకొనుటకు చోటు. చట్టము వాడిని తిరుగుబోతు అంటుంది. స్వంత గది, స్వంత ఫోను ఉన్న మరొక పిల్లవాడు కర్ఫ్యూను చక్కగా పాటించినవాడగును. తలుపు వేసుకొని రాత్రి రెండు గంటల వరకు వాడు చూచునది ఏ పోలీసుకూ కనబడదు.

మన స్వంత చరిత్ర కూడ మరువరాదు. నేరస్థుల తెగల చట్టము క్రింద రాత్రులు హాజరు పలికించి, చీటీ లేనిదే ఊరు దాటనీయని కాలము ఒకటుండెను. నెల్లూరు జిల్లా కావలిలో ఎరుకలవారి సెటిల్‌మెంటును నడిపినది ఎవరు? మన అమెరికన్ బాప్టిస్టు మిషనే. మంచి ఉద్దేశముతోనే నడిపారు, బడి పెట్టారు, పని నేర్పారు. అయినను పుట్టుకనుబట్టి మనిషిని రాత్రి లెక్కపెట్టిన చట్టమది. 1952లో గాని దేశమంతటా రద్దు కాలేదు. వయస్సునుబట్టి లెక్కపెట్టుట దానితో సమానమని మేము అనము. కాని లెక్కకు మొదట దొరికేది ఎవరు? అరుగుమీద ఉన్నవాడే గదా.

అధికారులకు లోబడుడని పౌలు వ్రాయలేదా అని ఒక సహోదరుడు అడిగారు. వ్రాశాడు. ఉన్న అధికారమునకు లోబడుట వేరు, మన ఇంటి పని తప్పించుకొనుటకు క్రొత్త అధికారమును మనమే పిలిచి తెచ్చుకొనుట వేరు. అదే పౌలు త్రోయలో అర్ధరాత్రి వరకు ప్రసంగించగా కిటికీలో కునికి పడిన ఐతుకు యౌవనుడే. డిసెంబరులో మన యౌవనస్థులు నక్షత్రము పట్టుకొని, డప్పు, గిటారుతో తెల్లవారుజామున రెండు గంటల వరకు క్యారల్స్ తిరుగుదురు. డల్లాస్ శాసనములో మత కార్యక్రమములకు మినహాయింపు ఉండెను. ఇక్కడ కూడ అట్టిది అడుగుదామని కొందరన్నారు. అప్పుడు మన పిల్లవాడిని విడిచిపెట్టి, ప్రక్కింటి పిల్లవాడిని వ్యాను ఎక్కించెదరు. దానికి మనము సంతోషించగలమా?

మేము ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా హాస్టలు గేటు రాత్రి 8కే మూసేవారు. గోడ దూకి సెకండ్ షోకు పోయినవారిలో మేమూ ఉన్నాము. తాళము మమ్మును ఆపలేదు. ఒక రాత్రి వార్డెనుగారు గోడ ప్రక్కనే కుర్చీ వేసుకొని కూర్చుని, భోజనము చేశావా అని అడిగారు. తిట్టలేదు. తరువాత దూకాలంటే కాలు లేవలేదు.

ఆ తండ్రి ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పినప్పుడు ఆయన, మీ మాటలు బాగున్నవి అన్నా, ఈ రాత్రి నా కొడుకు ఎక్కడ ఉండాలి అన్నారు. ఆ ప్రశ్నకు మా యొద్ద జవాబు లేకపోయెను. చట్టము వద్దనుట సులభము.

అందుచేత సంఘపు హాలును రాత్రి 7 నుండి 10.30 వరకు తెరచి ఉంచాలని నిర్ణయమైంది. చదువుకొనేవారు చదువుకొందురు, క్యారమ్ బోర్డు కూడ ఉండును, ఏ సంఘపు పిల్లలైనా, ఏ మతమువారైనా రావచ్చును. కరెంటు బిల్లు ఎవరు కట్టాలని కోశాధికారిగారు అడిగారు; అడగవలసిందే. మూడు నెలలకు కానుకలు అందినవి. రాత్రికి ఇద్దరు పెద్దలు చొప్పున కూర్చోవాలి. మంగళవారమునకు మొదట పేరు వ్రాయించినవారు ఆ తండ్రే. శుక్ర, శనివారములు ఇంకను ఖాళీగా ఉన్నవి.