లెక్కకు రాని క్యాచ్‌లు

హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా పెళ్లింట ధర్మవరం పట్టుచీరను అందరూ మెచ్చుకుంటారు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని దాన్ని నేసినవారి పేరు మాత్రం ఎవరూ అడగరు. పేరు రాని పనికి విలువ ఉందా?

క్రికెట్లో వికెట్‌కీపర్ పనీ ఇటువంటిదే. రోజంతా వంగి లేస్తూ అతడు ఆపిన బంతులు ఎవరికీ గుర్తుండవు. ఒక్కటి జారితే అందరూ దాన్నే చెప్పుకుంటారు.

విశాఖపట్నానికి చెందిన కోన శ్రీకర్ భరత్ 2015లో గోవాపై 308 పరుగులు చేసి, రంజీలో త్రిశతకం సాధించిన తొలి వికెట్‌కీపర్ అయ్యాడు. అయినా భారత జట్టులో చోటు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నాడు. 2021 నవంబరులో కాన్పూరు టెస్టులో సాహాకు మెడ పట్టేయడంతో బదులుగా దిగి, న్యూజిలాండ్‌పై రెండు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్ చేశాడు. సబ్‌స్టిట్యూట్ కనుక అవేవీ అతని ఖాతాలో చేరలేదు. తొలి టెస్టు 2023 ఫిబ్రవరిలో గాని దక్కలేదు. 2024 ఫిబ్రవరి నాటికి ఆడినవి ఏడే.

మరి కాన్పూరు శ్రమ వృథాయేనా? కాదు. ఔటైన బ్యాట్స్‌మన్ పెవిలియన్‌కు వెళ్లాడు కదా! పని ఫలితం లెక్కల పుస్తకంపై ఆధారపడదు.

అయితే ఒక్కమాట. పేరు కోరకపోవడం పనిచేసేవారి గొప్పతనం. దాన్నే సాకుగా చేసుకుని పేరు ఇవ్వకపోవడం మన తప్పు. ఈసారి చీర కొన్నప్పుడు, నేసినదెవరని అడుగుదామా?