స్నాతకునకు ఈయదగిన కానుక

విద్య ముగించినవానిని పూర్వులు స్నాతకుడనిరి. స్నాతకుడనగా స్నానము చేసినవాడు. గురుకులములో నియమముతో అధ్యయనము పూర్తిచేసిన బ్రహ్మచారి గురువు అనుజ్ఞ పొంది, సమావర్తన స్నానమాచరించి స్వగృహమునకు మరలెడివాడు. నేడు విశ్వవిద్యాలయములు పట్టములొసగు వేడుకను స్నాతకోత్సవమని పిలుచుట ఆ ప్రాచీన సంస్కారమునకు మిగిలిన గుర్తు. పేరు నిలిచినది. కాని ఆ సంస్కారములో ఇమిడియున్న ఒక వివేకము మాత్రము మరుగున పడినది. చదువు ముగించి లోకములో అడుగిడువానికి ఏ వస్తువులు అవసరమను ప్రశ్నను పూర్వులు చిన్నదిగా ఎంచలేదు.

ఆశ్వలాయన గృహ్యసూత్రము ఈ సందర్భమున పదునొకండు వస్తువులను పేర్కొనుచున్నది. మెడలో ధరించు మణి, కుండలములు, వస్త్రముల జత, గొడుగు, పాదరక్షలు, చేతికఱ్ఱ, పూలమాల, మేనికి రుద్దుకొను చూర్ణము, లేపనము, కంటికి అంజనము, తలపాగా అనునవి అవి. వీనిని శిష్యుడు తనకును, తన గురువునకును సమకూర్చవలెను. ఇరువురకును సమకూర్చు శక్తి లేనిచో గురువునకు మాత్రమే సమకూర్చవలెనని నియమము.

ఈ పట్టికను నిదానముగా పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. ఇందు అధికభాగము దారిన నడచువానికి పనికివచ్చు వస్తువులే. ఎండవానలకు గొడుగు, ముండ్లకు చెప్పులు, అలసటకును భయమునకును చేతికఱ్ఱ, కండ్ల రక్షణకు అంజనము. వేదము నేర్చినవానికి వేదమహిమను చాటు బిరుదులేవియు ఇందు లేవు. నేర్చిన విద్య వాని లోపల ఉన్నది. లోపించినది బయట నడచుటకు కావలసిన సామగ్రి. ఆ లోపమును తీర్చునదే సమయోచితమైన కానుక.

మూడు జిల్లాల ముంగిళ్లలో

2016 సంవత్సరము అక్టోబరులో జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి ప్రత్యేక జిల్లాలైనవి. అంతకుముందు ఈ ప్రాంతముల విద్యార్థులకు ఉన్నతవిద్యయనగా ప్రధానముగా వరంగల్లు, హనుమకొండలే. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయము ఆ చుట్టుప్రక్కల పల్లెలకు పట్టభద్రత్వమును చేరువ చేసినది. 2022లో మహబూబాబాదునందు, 2023లో జనగామ, భూపాలపల్లులయందు ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. మహబూబాబాదు ప్రాంతపు తండాలలో, భూపాలపల్లి బొగ్గుగనుల చెంత కార్మికవాడలలో, జనగామ మెట్టపొలముల నడుమ పల్లెలలో, వంశములో తొలిసారిగా పట్టము పుచ్చుకొన్న యువతీయువకులు ఎందరో ఉన్నారు.

అట్టి ఇంట పట్టా చేతికి వచ్చిన దినము పండుగయే. మిరపతోట అమ్మిన డబ్బుతో రుసుము కట్టిన తండ్రి, కూలికి పోయి పుస్తకములు కొనిపెట్టిన తల్లి, ఆ దినము తలయెత్తి నడతురు. బంధుమిత్రులు వత్తురు. శాలువలు, దండలు, గాజుపెట్టెలలో జ్ఞాపికలు వచ్చును. వీధిమొగలో నిలువెత్తు ఫ్లెక్సీ వెలయును. అందులో పట్టభద్రుని ముఖముకంటె కానుకలిచ్చినవారి ముఖములే కొన్నిసార్లు పెద్దవిగా కనిపించును.

మరునాడు ఆ యువకుని ముందు నిలుచు ప్రశ్నలు వేరు. ఉద్యోగపరీక్షకు దరఖాస్తు రుసుము ఎట్లు? హైదరాబాదులో గది అద్దెకు ముందుగా కట్టవలసిన సొమ్ము ఎక్కడిది? తెల్లవారుజామున జనగామలోనో, మహబూబాబాదులోనో రైలెక్కి, లేదా భూపాలపల్లిలో బస్సెక్కి పోయి, అధికారుల ఎదుట నిలుచుటకు తెగని చెప్పులున్నవా? వానలో తడిసిన సర్టిఫికెట్లు తిరిగి తెచ్చుకొనుట ఎంత ప్రయాస? గోడకు వ్రేలాడు జ్ఞాపిక ఈ ప్రశ్నలలో ఒక్కదానికైనను సమాధానము చెప్పజాలదు.

దేశము, కాలము, పాత్రత

గీతాచార్యుడు పదునేడవ అధ్యాయములో దానమును మూడు విధములుగా విభజించియున్నాడు. ఇచ్చుట తన ధర్మమని తలచి, ప్రత్యుపకారము కోరక, తగిన చోట, తగిన వేళ, తగినవానికి ఇచ్చునది సాత్త్వికము. తిరిగి రావలెనను ఆశతోనో, ఫలమును ఉద్దేశించియో, మనసులో బాధపడుచునో ఇచ్చునది రాజసము. తగని చోట, తగని వేళ, అవమానించుచు ఇచ్చునది తామసము. ఈ విభాగము యజ్ఞశాలలకు మాత్రమే పరిమితము కాదు. పట్టభద్రుని ఇంటికి కానుక పట్టుకొని పోవువాడును తన మనసును ఈ మూడింటితో సరిచూచుకొనవచ్చును.

తగిన చోటు అనగా ఆ యువకుడు బ్రదుకబోవు చోటు. పరాయి ఊరిలో నలుగురితో కలిసి చిన్నగదిలో ఉండబోవువానికి పెద్ద గడియారము భారము. దుప్పటియు, అన్నము వండుకొను చిన్న కుక్కరును ఆసరా. తగిన వేళ అనగా అవసరము పుట్టిన వేళ. అభినందనసభ నాడు వచ్చిన ఐదు శాలువలకంటె, రెండు నెలల తరువాత పరీక్షరుసుము గడువు సమీపించినప్పుడు చేరిన చిన్న మొత్తము విలువైనది. తగిన పాత్రత అనగా ఆ వ్యక్తి చదివిన చదువు, చేయబోవు పని. నర్సింగు ముగించిన అమ్మాయికి సెకండ్ల ముల్లు గల చేతిగడియారము నాడి లెక్కించుటకు ఉపకరించును. న్యాయశాస్త్రము చదివినవానికి నల్లకోటు మొదటి దినముననే కావలయును. అక్షరములు మసకగా కనబడుచున్నను చెప్పుకొననివానికి కంటిపరీక్షయు, కండ్లద్దములును నేటి అంజనము. మోటారు సైకిలుపై పనికి పోవువానికి శిరస్త్రాణము నేటి తలపాగా. వాని పేరిట బ్యాంకులో వేసిన కొద్దిపాటి సొమ్ము, జీతము రాని నెలలలో ఊతమిచ్చు చేతికఱ్ఱ.

బుగులు పుట్టించు కానుక

కానుకయందు మరియొక చిక్కు కలదు. శుభకార్యములలో చదివింపులు వ్రాయు పుస్తకము ప్రతి ఇంటను ఉండును. ఎవరు ఎంత ఇచ్చిరో అందు నమోదగును. వారింట శుభము జరిగిననాడు అంతకు తక్కువ కాకుండ తిరిగి ఇయ్యవలెను. గృహస్థుల నడుమ ఇది పరస్పర సహాయమే కావచ్చును. కాని చదువు అప్పు నెత్తిన పెట్టుకొని, సంపాదన ఇంకను మొదలిడని పిల్లవానికి, ఖరీదైన కానుక మరియొక అప్పుగా పరిణమించును.

జనగామ జిల్లాలో స్టేషన్ ఘనపురమునకు సమీపమున చిల్పూరుగుట్టపై వేంకటేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. అచ్చటి స్వామిని బుగులు వేంకటేశ్వరుడందురు. బుగులు అనగా తెలంగాణ వాడుకలో దిగులు, భయము. కుబేరుని ఋణము తీర్చు చింతతో స్వామి ఈ గుట్టకు వచ్చి తపస్సు చేసెనని అచ్చటివారు చెప్పుకొందురు. ఋణభయము ఎట్టిదో స్వామియే అనుభవించి చూపెనని భక్తులు ఈ కథను తలచుకొందురు. శ్రియఃపతికే బుగులు పుట్టించిన ఋణమును ఇరువది యేండ్ల పిల్లవాని భుజములపై మోపు కానుక కానుకయే కాదు. ఇచ్చినదానిని నలుగురిలో గుర్తుచేయుట, ఉద్యోగము వచ్చిన తరువాత మావానికి ఫలానా పని చేసిపెట్టుమని అడుగుట, పిల్లనిచ్చు తలంపుతో ముందుగా కానుకలతో కట్టివేయుట, ఇవన్నియు దానమను పేరు పెట్టుకొన్న వ్యాపారములు.

ఇందుకు ఎదురుగా నిలుచు ఆదర్శము ఆ జిల్లాలోనే ఉన్నది. పాలకుర్తి మండలములోని బమ్మెర గ్రామము పోతనామాత్యునిదని ప్రసిద్ధి. హలము పట్టి జీవించిన ఆ మహాకవి, కృతి అంకితమిచ్చి రాజుల సొమ్ము పుచ్చుకొనుటకు అంగీకరింపక, భాగవతమును శ్రీరామచంద్రునకు సమర్పించెను. పుచ్చుకొన్న చేతిని కట్టివేయు కానుక ఎంత గొప్పదైనను త్యాజ్యమేయని ఆయన జీవితము చెప్పుచున్నది.

అడిగి ఇచ్చుట, అడుగక ఇచ్చుట

ఆ భాగవతముననే కానుక తెలిసినవారి కథలు రెండు కలవు. రెండును ఒకే గురుకులమునకు చెందినవి. సాందీపని మహర్షి సన్నిధిలో విద్య ముగించిన బలరామకృష్ణులు గురుదక్షిణగా తమకు తోచినది ఇచ్చి చేతులు దులుపుకొనలేదు. ఏమి కావలెనో చెప్పుడని గురువును అడిగిరి. ఆయన భార్యతో ఆలోచించి, ప్రభాసతీర్థమున సముద్రములో పోయిన కుమారుని కోరెను. ఆ దంపతుల కొఱత అడిగినందువలననే తెలిసినది. శ్రీకృష్ణుడు యమపురి వరకు పోయి ఆ బాలుని తెచ్చి అప్పగించెను.

రెండవ కథ ఆ గురుకులములోనే స్వామితో చదివిన కుచేలునిది. చినిగిన వస్త్రముతో, కొంగున అటుకులతో ద్వారకకు వచ్చిన ఆ బాల్యసఖుని స్వామి నీకేమి కావలెనని అడుగలేదు. అడిగినచో అభిమానవంతుడగు కుచేలుడు ఏమియు వలదనును, లేదా నిండుసభలో తన లేమిని తానే చెప్పుకొనవలసి వచ్చును. స్వామి పాదములు కడిగి, గురుకులపు ముచ్చటలు చెప్పి, అటుకులు ఆరగించి, ఉత్త చేతులతోనే సాగనంపెను. సంపద మాత్రము కుచేలుని ఇంటికి ముందే చేరినది.

ఈ రెండింటిని కలిపి చూచినచో ధర్మసూక్ష్మము తెలియును. పెద్దలకు ఇచ్చునపుడు వారి కోరిక అడిగి తెలిసికొనుట వినయము. లేమిలో నున్న పిన్నలకు ఇచ్చునపుడు అడుగకయే గ్రహించుట దయ. అవసరమైన వస్తువే అయినను, పేదపిల్లవానికి సభలో అందరి ఎదుట చెప్పులజత అందించినచో అది వాని పేదరికమును చాటింపు వేసినట్లగును. ఆ జతనే ఇంటికి పోయి తల్లి చేతికిచ్చి వచ్చినచో కానుకయు దక్కును, మానమును దక్కును.

కుమార్తె పట్టభద్రురాలైనపుడు

ఈ వివేకము ఆడుబిడ్డల విషయమున మిక్కిలి అవసరము. కుమారునకు గడియారము, సంచి, ప్రయాణపు ఖర్చులు ఇచ్చు చేతులే కుమార్తెకు పట్టుచీర, వెండిగిన్నె ఇచ్చుట కద్దు. ఆ వస్తువులు ఆమె చదువును దాటి, రాబోవు పెండ్లిని చూచుచున్నవి. హనుమకొండలో పై చదువునకు సీటు వచ్చి, హాస్టలు సొమ్ము లేక ఇంట నిలిచిపోవు బిడ్డకు బీరువాలోని పట్టుచీర ఏమి సమాధానము చెప్పగలదు? సరస్వతిని స్త్రీరూపమున పూజించు ఇండ్లలో విద్యావతియగు బిడ్డ నడువబోవు దారిని చూచి కానుక ఎంచుకొనుట పూజలో భాగమే.

మాల ఎందులకు?

అయినచో అందమునకు, ఆనందమునకు చోటు లేదా? ఉన్నది. గృహ్యసూత్రపు పట్టికలో గొడుగు సరసనే పూలమాల ఉన్నది, చెప్పుల సరసనే మణి ఉన్నది. విద్య ముగించినవానిని గౌరవించి సంతోషపెట్టుటయు అవసరమేయని పూర్వులు ఎఱుగుదురు. జనగామ సమీపమున పెంబర్తి శిల్పులు ఇత్తడిరేకుపై మలచు పనితనము భౌగోళిక గుర్తింపు పొందిన కళ. వారు చేసిన చిన్న దీపమొకటి ఇచ్చినచో పరాయి ఊరి అద్దెగదిలో ప్రతిసంధ్యయు వెలుగును, ఒక శిల్పి ఇంట పొయ్యియు వెలుగును. మాల వలదని కాదు. మాలతోనే సరిపెట్టి గొడుగు మరచుట మాత్రము తగదు.

కానుక పుచ్చుకొన్న స్నాతకునకును ధర్మము కలదు. తైత్తిరీయోపనిషత్తులో గురువు విద్య ముగించిన శిష్యునకు చేయు ఉపదేశములో దానవిధియు చేరియున్నది. శ్రద్ధతో, లజ్జతో, తెలివిడితో ఇయ్యవలెనని ఆయన బోధ. అనగా పుచ్చుకొనువాడుగా గురుకులము వీడుచున్నవాడు ఇచ్చువాడుగా మారవలెను. గురువునకు ముందుగా సమకూర్చవలెనను గృహ్యసూత్రనియమమును ఇదియే చెప్పుచున్నది. మొదటి జీతములో కొంత తన పల్లెబడి పంతులుగారి కండ్లద్దములకో, తన పుస్తకములు తన తరువాతి విద్యార్థికో చేరినపుడు, ఆ యువకుడు పొందిన కానుకల ఋణము ఎవరి పుస్తకములోను వ్రాయకయే తీరిపోవును.

భక్తితో అర్పించిన ఆకునైనను, పూవునైనను, పండునైనను, నీటినైనను స్వీకరింతునని పలికిన స్వామికి వెలతో పనిలేదు. ఇచ్చినవాని మనసును, పుచ్చుకొన్నవాని ఊరటను ఆయన చూచును. గృహస్థులు ఈ యేట పట్టభద్రులైన బిడ్డల ఇండ్లకు పోవుటకు ముందు ఒక్క క్షణము ఆగి, ఆ బిడ్డ రేపటి దారిలో ఎండ యెక్కడ, ముల్లెక్కడ అని తలపోయుదురుగాక. బుగులు తీర్చు స్వామి ఆ ఆలోచనయందే సాక్షాత్కరించి, ఇచ్చు చేతిని, పుచ్చుకొను చేతిని సమముగా అనుగ్రహించుగాక.