అస్వామివిక్రయము – అర్చావతారము

పంచరూపములలో అర్చావతారమే మిక్కిలి సులభమని పాంచరాత్రము. ఆ సౌలభ్యమే దొంగకును దారియైనది. 1978లో తమిళనాట ఆనందమంగళం రాజగోపాలస్వామి ఆలయమున విజయనగరకాలపు సీతారామలక్ష్మణుల లోహమూర్తులు అపహరింపబడినవి. 1958లో పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థవారు తీయించిన ఛాయాచిత్రములు సాక్ష్యము కాగా, బ్రిటన్‌లో తెలియక కొన్నవారు తామై అప్పగించిరి. 2020లో స్వామి స్వదేశమునకు వేంచేసెను.

తెలియక కొన్నవానికి దోషమున్నదా? కొన్ననాడు లేకపోవచ్చును, ఎరిగియు ఉంచుకొన్నచో తప్పక ఉన్నది. మనువు చెప్పిన 18 వ్యవహారపదములలో అస్వామివిక్రయమొకటి. స్వామి కానివాడు అమ్మినది అమ్మకమే కాదు. ఇచ్చట స్వామి సాక్షాత్తు స్వామియే గదా!

మరి 42 ఏండ్లు ఆరాధన లేని బింబమున సాన్నిధ్యము మాటయేమి? సంప్రోక్షణము విధించిన ఆగమము లోపమును అంగీకరించినదే గాని బింబమును విడువుమనలేదు. అర్చకపరాధీనుడు నైవేద్యము లేక నిలిచియుండెను. ఆ లోపము కాపాడని వారిది. మన గ్రామాలయములలో ఎన్నింటి ఉత్సవమూర్తులకు నేడు ఛాయాచిత్రములున్నవి?