రాబోయే ఆట కోసం ఎదురుచూడటం తప్పా?



ఇటీవల మా విచారణ యువజనుల సమావేశంలో ఇంటర్మీడియెట్ చదివే ఒక అబ్బాయి ఇలా అడిగాడు: "ఫాదర్, ఇంకా విడుదల కాని వీడియో గేము కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండటం తప్పా?" తోటివారు నవ్వారు. వెనుక కూర్చున్న ఒక రైతు పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మేము వాన కోసం మోడాలు చూస్తాంటే, వీళ్ళు ఆట కోసం ఫోన్లు చూస్తాండారు" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది. కాని ఒక పోలిక కూడా ఉంది. ఇద్దరూ ఎదురుచూసేవారే. ఇద్దరూ కోరుకునేది తమ చేతిలో లేనిదే. కనుక ఆ ప్రశ్నను నవ్వి వదిలేయకుండా కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

సంగతి తెలియని పెద్దల కోసం ముందు కొన్ని వివరాలు. 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' అనే ఆట అయిదవ భాగం 2013 సెప్టెంబరులో వచ్చింది. ఆరవ భాగం తయారవుతోందని 2022లో చెప్పారు. 2023 డిసెంబరులో మొదటి ట్రైలరు చూపించి, 2025లో విడుదల అన్నారు. ఆ తరువాత 2026 మే 26 అన్నారు. 2025 నవంబరులో ఆ తేదీని కూడా మార్చి 2026 నవంబరు 19 అన్నారు. అయిదవ భాగం వచ్చిన ఏడాది పుట్టిన బిడ్డ ఈపాటికి హైస్కూలుకు వచ్చేశాడు. దాన్ని తయారుచేసే కంపెనీకి మనకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, బెంగళూరులో కూడా ఒక స్టూడియో ఉంది. నేరాలు, తుపాకులు నిండిన ఈ ఆట పెద్దలకు ఉద్దేశించినది. పిల్లలకు ఇవ్వవచ్చునా అంటే, ఇవ్వకూడదన్నదే నా జవాబు. అది వేరే చర్చ.

మన కుర్రాళ్ళలో ఎక్కువమందికి అలాంటి ఆటలు ఆడే యంత్రం అందుబాటులో లేదు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. 2020-21లో వేరుశెనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,275 రూపాయలు. అంటే ఒక యంత్రానికి సుమారు తొమ్మిదిన్నర క్వింటాళ్ళ కాయలు. వాన ముఖం చాటేసిన ఏడాది ఎకరాకు రెండు క్వింటాళ్ళు కూడా కళ్ళజూడని ఇళ్ళు మనందరికీ తెలుసు. అందువల్ల ఇక్కడి పిల్లల ఆశలన్నీ సెల్‌ఫోను ఆటల మీదనే.

ఆ ఆటల చరిత్ర కూడా ఎదురుచూపుల చరిత్రే. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 మే నెలలో అది 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' అనే పేరుతో వస్తుందని ప్రకటన వెలువడింది. మే 18న ముందస్తు నమోదు మొదలుపెడితే, రెండు వారాల్లో రెండు కోట్లమంది నమోదు చేసుకున్నారని కంపెనీ చెప్పుకుంది. జూలై 2న ఆట విడుదలైంది. 2022 జూలైలో మళ్ళీ కనబడకుండా పోయి, 2023 మేలో తిరిగి వచ్చింది.

జూలై 2 అంటే మన లెక్కలో ఆరుద్ర కార్తె. సెనక్కాయ విత్తే కాలం. ఒకే గడపలో కూర్చుని తండ్రి ఆకాశం వైపు, కొడుకు ఫోను వైపు చూసే రోజులు.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. మన కాలంలో మనమూ ఇలాగే ఎదురుచూశాం. అభిమాన నటుడి సినిమా వస్తుందంటే వాల్‌పోస్టరు పడిన నాటి నుండి రోజులు లెక్కపెట్టలేదా? రీళ్ళ డబ్బాలు వచ్చాయా లేదా అని టాకీసు దగ్గర విచారించలేదా? పునీత తోమాసు అక్వినాసు వారు ఆటలకు విరోధి కారు. ఎప్పుడూ లాగి కట్టి ఉంచిన విల్లు విరిగిపోతుందనే పాత కథను చెప్పి, శరీరానికి నిద్ర ఎలాగో మనసుకు వినోదం అలాంటిదని బోధించారు. తానూ నవ్వక, నవ్వేవారికీ అడ్డుపడే మనిషిలో దోషం ఉందన్నారు. కరువు సీమలో పిల్లలకు ఆట అక్కరలేదనడం, కరువుకు మరికొంత చోటివ్వడమే.

అయితే ఆట మంచిదైనంత మాత్రాన, దాని కోసం చూసే ప్రతి ఎదురుచూపూ మంచిదవుతుందా? వాన ప్రాణాధారం కాబట్టి, దాని కోసం చూసే ప్రతి ఎదురుచూపూ గొప్పదవుతుందా?

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్నలలో కాలం ఒకటి. పునీత అగస్టీను వారు దాన్ని ఇలా విడదీశారు. గడిచినది ఇప్పుడు లేదు. రాబోయేది ఇంకా లేదు. ఉన్నది వర్తమానమే. గడిచినది మన మనసులో జ్ఞాపకంగా ఉంటుంది. రాబోయేది ఎదురుచూపుగా ఉంటుంది. అంటే ఎదురుచూపు రేపటిది కాదు, ఇవాళ్టిది. నవంబరులో వచ్చే ఆట నవంబరులోనే వస్తుంది. దాని కోసం చూడటం మాత్రం ఈ రోజు, ఈ గంటలో, ఈ మనసు చేస్తున్న పని. కనుక దాని మంచిచెడ్డలను వచ్చే వస్తువును బట్టి మాత్రమే తూచలేం. అది రాకముందే మన ఈ రోజును ఏం చేస్తోంది అని కూడా అడగాలి.

అక్వినాసు వారు ఇంకో అడుగు ముందుకు వేశారు. కోరికకూ ఆశకూ ఉన్న తేడా చెప్పారు. ఆశించేదానికి నాలుగు లక్షణాలుండాలి. అది మేలైనది కావాలి. రాబోయేది కావాలి. సాధ్యమైనది కావాలి. కష్టపడితేగాని దొరకనిది కావాలి. ఈ నాలుగవ లక్షణం లేకపోతే అది ఆశ కాదు, వట్టి కోరిక. మన క్రైస్తవ తెలుగులో 'నిరీక్షణ' అనే మాట ఎదురుచూడటానికీ, ఆశకూ రెంటికీ వాడుతున్నాం. ఒకే మాటలో రెండూ ఇమిడి ఉన్నాయి గనుకనే ఒకదాన్ని చూసి మరొకటి అనుకునే ప్రమాదం ఉంది.

ఈ కొలతతో రైతును చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన ఎరుగని నేల మనది. వాన అతని చేతిలో లేదు. అయినా అతడు ఊరికే కూర్చోడు. వేసవిలోనే దుక్కి దున్నుతాడు. ఎరువు తోలుకుంటాడు. గొర్రు బాగుచేయించుకుంటాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని విత్తనం కాయలు ఒలుచుకుంటారు. పదును వాన పడిందంటే తెల్లవారకముందే చేనులో ఉంటాడు. అతని ఎదురుచూపు నిండా పని ఉంది.

అంతకన్నా గొప్ప సంగతి ఇంకొకటి. ఆ ఎదురుచూపుకు ఒక హద్దు ఉంది. జూలై గడిచి ఆగస్టు వచ్చినా పదును కాకపోతే సెనక్కాయ మీద ఆశ చాలించి, ఉలవలో జొన్నలో విత్తుతాడు. అది ఓటమి కాదు. ఆశను మరో గింజలోకి మార్చుకోవడం.

అయితే రైతు ఎదురుచూపు ఎల్లప్పుడూ ఇలాగే ఉంటుందని పొగిడితే అబద్ధమవుతుంది. బోరు బండిని తలచుకోండి. మూడు వందల అడుగుల దగ్గర దుమ్ము లేస్తుంది. "ఇంకో వంద వేద్దాం, పడతాయి" అంటారు. అక్కడా పడవు. ఇంకో వంద. అడుగుకు ఇంతని లెక్క పెరుగుతూ ఉంటుంది. ఒక బోరు ఎండితే పక్కన మరొకటి. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఇంకో వంద అడుగుల కిందే ఉంటాయి. అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్నవారి ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేసివచ్చిన గురువులందరికీ ఈ కథ తెలుసు. అక్కడ నీటి కోసం చూసే చూపు కూడా, ఎక్కడ ఆగాలో తెలియక, మనిషినే తిన్నది.

ఇప్పుడు ఆట వైపు తిరిగి చూద్దాం. అక్కడ కూడా ఎదురుచూపును అడుగుల లెక్కన అమ్మేవారున్నారు. ట్రైలరు, ఆ తరువాత ఇంకో ట్రైలరు, ముందుగానే డబ్బు కట్టించుకోవడం. ఇదంతా వస్తువును అమ్మడం కాదు, వస్తువు మీది ఆత్రాన్ని అమ్మడం. 'సైబర్‌పంక్ 2077' అనే ఆట ఇందుకు నిదర్శనం. పోలండు దేశపు కంపెనీ దాన్ని 2012లో ప్రకటించింది. 2020 ఏప్రిల్ అన్న విడుదల సెప్టెంబరుకు, అక్కడినుండి నవంబరుకు, చివరికి డిసెంబరు 10కి జరిగింది. ఎనభై లక్షలమంది ముందుగానే కొనేశారు. తీరా వచ్చాక కొన్ని యంత్రాల మీద అది సరిగా నడవనే లేదు. వారం రోజులకే సోనీ కంపెనీ దాన్ని తన అంగడి నుండి తీసేసి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇస్తామన్నది. తరువాత మెల్లగా బాగుచేసి 2021 జూన్‌లో మళ్ళీ అమ్మకానికి పెట్టారు. తొందరపడనివారు పోగొట్టుకున్నదేమీ లేదు.

ఈ కథలో ఇంకొక పార్శ్వం ఉంది. తేదీ దగ్గరపడుతున్నకొద్దీ అక్కడి పనివారిని వారానికి ఆరు రోజులు పనిచేయమన్నారు. మళ్ళీ ఆలస్యమైందని తెలియగానే అభిమానులమని చెప్పుకునేవారే కొందరు, తయారుచేసేవారిని చంపుతామని బెదిరించారు. ఆలోచించండి. ఒక ఆట మూడు వారాలు ఆలస్యమైనందుకు దాన్ని తయారుచేసే మనిషి ప్రాణం మీద మాట! మన ఆత్రం మనతో ఆగదు. అది ఎవరో ఒకరి నడుము మీద బరువై కూర్చుంటుంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో కంప్యూటరు ముందు రాత్రిళ్ళు మేలుకునే ఆ పనివారిలో మన ఊళ్ళ బిడ్డలూ ఉండవచ్చు. అదునుకు ముందే పంట తెమ్మని కూలీని తరిమే ఆసామిని మనం తప్పుపడతాం గదా! ఇది కూడా అటువంటిదే.

కాబట్టి ఆ అబ్బాయి ప్రశ్నకు నా జవాబు ఇది. ఎదురుచూడటం తప్పు కాదు. రేపటి మీద ఏ సంతోషమూ పెట్టుకోనివాడికి ఇవాళ కూడా బరువే. కాని మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: ఈ ఎదురుచూపు నా ఇవాళ్టికి పని ఇస్తోందా, లేక ఇవాళ్టిని మింగేస్తోందా? నలుగురు స్నేహితులు కలిసి ఆడటానికి నెలనెలా కొంత దాచుకుంటూ, ఆ ఆటలోని బొమ్మలు ఎలా గీస్తారో, ప్రోగ్రాములు ఎలా రాస్తారో నేర్చుకునే కుర్రవాడి చూపులో దుక్కి ఉంది. పుస్తకం మూసి, గంటకోసారి తేదీ మారిందేమోనని ఫోను తెరిచేవాడి చూపులో అది లేదు.

రెండవది: దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? అమ్మ డ్వాక్రా సంఘంలో తెచ్చిన అప్పులోంచా? నిద్ర లేని పనివాడి ఆరోగ్యంలోంచా? మన సంతోషం ఖరీదు ఇంకొకరి చేత కట్టించడం న్యాయం కాదు.

మూడవది: తేదీ జరిగితే నేనేమవుతాను? ఆలస్యమని తెలిసిన రోజు కోపంతో ఊగిపోతే, నేను ఆట కోసం చూడటం లేదు, ఆట నన్ను పట్టుకుని ఉంది. చేతిలో ఉలవలు ఉన్నవాడు అలా ఊగిపోడు.

తల్లిదండ్రులారా, పిల్లవాడు దేని కోసం ఎదురుచూస్తున్నాడో ఒకసారి అడగండి. కసరడానికి కాదు, వినడానికి. ఆ ఆట ఎవరికి తగినదో, ధర ఎంతో, ఎవరితో కలిసి ఆడతాడో అతడినే చెప్పనివ్వండి. చెప్పేటప్పుడు మీరు అడగబోయే సగం ప్రశ్నలు అతడే అడుక్కుంటాడు. వీలైతే మీరు వాన కోసం ఎలా చూస్తారో, ఏ కార్తె వరకు ఆగుతారో, ఎప్పుడు విత్తనం మారుస్తారో అతనికి చెప్పండి. చాలామంది రైతు బిడ్డలకు ఆ లెక్క ఇప్పుడు తెలియదు.

యువకులారా, కోరుకున్న తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. డబ్బు మాత్రం ఆట వచ్చి, ఆడినవారు బాగుందన్నాకే ఇవ్వండి. ఆ తేదీకి ముందున్న రోజులు కూడా మీకు ఇచ్చినవేనని మరచిపోకండి.