వెలుగులు చూడబోయిన వారము



క్రిస్మసు దినములలో వెలుగులు చూచుటకు బయలుదేరుట మన కుటుంబములలో ఇప్పుడు ఒక వాడుక అయినది. సాయంకాలమున పిల్లలను వెంటబెట్టుకొని, ఏ దేవాలయమునకు ఎన్ని దీపముల దండలు కట్టిరో, ఏ యింటి మీద ఎంత పెద్ద నక్షత్రము వ్రేలాడుచున్నదో చూచి వచ్చెదము. ఇందులో తప్పున్నదా? ఉన్నదని చెప్పువారు మన సంఘములలో కొందరు కలరు. వారి మాటను తేలికగా త్రోసివేయలేము. పోయిన క్రిస్మసుకు మూడు దినములు ముందు గోపన్‌పల్లినుండి మెదకునకు వ్యానులో వెళ్లిన మా పదునాల్గురిలో ఆ మాటయే వచ్చినది. దానికి జవాబు మేమెవరమును సిద్ధపరచుకొని యుండలేదు.

గోపన్‌పల్లి దూరమున నున్న చదువరులకు తెలియకపోవచ్చును. అది హైదరాబాదునకు పడమట, శేరిలింగంపల్లి మండలములో, కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు సమీపమున నున్న ఊరు. ఆ విశ్వవిద్యాలయము 1974లో స్థాపింపబడిన కాలమున ఈ చుట్టుప్రక్కల బండలు, చెరువులు, పొలములు. నేడు ఐటీ కార్యాలయముల అద్దపు మేడలు, ఇరువది ముప్పది అంతస్తుల నివాసములు, వాటి ప్రక్కనే ఇంకను లేచుచున్న మేడలను కట్టు పనివారి రేకుల గుడిసెలు. డిసెంబరు వచ్చుటతోడనే కార్యాలయముల వాకిళ్లలో క్రిస్మసు చెట్లు నిలుచును. మా చిన్న దేవాలయమును వెనుకబడలేదు. ఈ యేడు సిలువ మొదలుకొని ప్రహరీగోడ వరకు దీపములే.

మేము మధ్యాహ్న భోజనము ముగించుకొని బయలుదేరితిమి. తెల్లాపూరు మీదుగా పోయి కొల్లూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, దుండిగల్లు దగ్గర దిగితిమి. గుమ్మడిదల దాటిన పిమ్మట నర్సాపూరు అడవి వచ్చును. నగరపు దుమ్ములో ఏడాదియంతయు గడిపినవారికి ఆ అడవి దారి ఎంత హాయియో వ్రాసి చెప్పలేము. పండుటాకులు రాలుచున్న చెట్లు, దారి వంపులు, గట్టుమీద కూర్చుండి మనలను లెక్కింపని కోతులు. అడవి దాటిన తరువాత కౌడిపల్లి, కొల్చారము. ఆ ప్రాంతపు పల్లెలలో అక్కడక్కడ చిన్న దేవాలయములు, వాటి ముంగిట వెదురు గడకు కట్టిన కాగితపు నక్షత్రములు. (కాగితపు నక్షత్రములలో పేరుపొందిన మొరేవియను నక్షత్రము 1830 తరువాతి సంవత్సరములలో, జర్మనీలోని నీస్కీ అను ఊరి పాఠశాలలో, పిల్లలకు రేఖాగణితము నేర్పుటకై పుట్టినదట. ఈ సంగతి విని మాతో వచ్చిన లెక్కల మాష్టరుగారు ఒక్క క్షణము సంతోషించిరి. ఆ ప్రయాణములో వారు సంతోషించినది అప్పుడే.)

ఆ మాష్టరుగారే ప్రశ్న తెచ్చినవారు. వారు పదవీ విరమణ చేసిన పెద్దలు, మితభాషులు. నర్సాపూరు దాటుచుండగా వారిట్లనిరి: “మనము ఈ వ్యానుకు ఇచ్చు బాడుగ, దేవాలయపు దీపములకైన ఖర్చు, రెండును కలిపి లెక్కవేసితిని. ఆ సొమ్ముతో మన ప్రక్కనున్న రేకుల గుడిసెలలో ప్రతి బిడ్డకును ఒక దుప్పటి వచ్చును. ఈ చలిలో వారు పడుకొనుచుండగా మనము కన్నుల పండువు కొరకు ఇంత దూరము పోవుచున్నాము.”

మాలో ఒకరు వెంటనే బేతనియలో అత్తరుబుడ్డి పగులగొట్టిన స్త్రీ కథ ఎత్తిరి (మార్కు 14:3-9). ఖర్చునుగూర్చి యెవరైన నోరెత్తినప్పుడు మనము ఈ కథను అడ్డుపెట్టుట పరిపాటియే గదా. మాష్టరుగారు తల అడ్డముగా త్రిప్పిరి. “ఆమె తన సొమ్ము పోసినది. ప్రభువు మీద పోసినది. తాను చూచి ఆనందించుటకు పోయలేదు. ఆ కథ మనకు చెల్లదు.”

మేము ఆలోచించి చూడగా అది నిజమే. ఆ స్త్రీ పేరు చెప్పి మనము ఎన్ని మన ఖర్చులను గడువబెట్టుకొంటిమో!

వెనుక కూర్చున్న యువకుడొకడు వేరొక మాట తెచ్చెను. బేత్లెహేము కాపరులు ఏమి చేసిరి? పోయి చూతమని ఒకరితో నొకరు చెప్పుకొని మందను విడిచి పోయిరి (లూకా 2:15). చూడబోవుట పాపమైనయెడల మొదటి క్రిస్మసు పాపముతోనే ఆరంభమైనదనవలెను. వెలుగు కన్నులకు ఇంపైనదని ప్రసంగియు ఒప్పుకొనెను (11:7). మేమందరము తల లూపితిమి. అయితే మాష్టరుగారు ఆ వచనము మొదటి భాగమును మరల చదువుమనిరి. దూతలు పరలోకమునకు వెళ్లిపోయిన తరువాతనే కాపరులు బయలుదేరిరి. వెలుగు వారిచుట్టు ప్రకాశించినంతసేపు కదలక నిలిచిరి, అది పోయిన పిమ్మట చీకటిలో నడచిరి. వారు చూడబోయినది వెలుగును కాదు. తొట్టిలో పండుకొనియున్న ఒక పేదబిడ్డను.

వ్యానులో కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

దీపములు కట్టు ఆచారమునకు విరోధముగా మాష్టరుగారికి తెలియని సాక్ష్యము ఒకటి మాకు తెలియును గాని, అప్పుడు చెప్పలేదు. క్రిస్మసు చెట్టుకు విద్యుద్దీపములను మొదట కట్టినవాడు ఎడ్వర్డ్ జాన్సన్, ఎడిసను గారి దీపముల కంపెనీలో పెద్ద యుద్యోగి. 1882లో న్యూయార్కులోని తన యింట ఎనుబది దీపములను కట్టి, విలేఖరిని పిలిచి చూపెను. కాబట్టి ఈ వేడుక తొలినాటనుండియు అంగడి వాసన కొంత కలదియే. అయినను అంగడిలో పుట్టినదంతయు అంగడిలోనే ఉండిపోవునని చెప్పుటకు వీలులేదు. నక్షత్రము లెక్కల పాఠములో పుట్టి వెదురు గడ ఎక్కలేదా?

నాలుగు గంటలకు మెదకు చేరితిమి. దేవాలయమునుగూర్చి అందరికిని కొంత తెలియును. వెస్లియను మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెట్టించిరి. అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. 2024 క్రిస్మసునాటికి నూరేండ్లు నిండినవి. పొడవు రెండువందల అడుగులు, వెడల్పు నూరు, గోపురము ఎత్తు నూట డెబ్బదియైదు. క్రిస్మసునాడు తెల్లవారకముందే ఆరాధన మొదలగును. ఆనాడు వచ్చువారిలో క్రైస్తవులు కానివారును వేలకొలది యుందురు. మేము మూడు దినములు ముందుగా పోయినందున జనము తక్కువ. తినుబండారముల అంగళ్లు, రంగులరాట్నము అప్పుడే నిలుపుచుండిరి.

మాతో ఎనుబది యేండ్ల అవ్వ ఒకరు వచ్చిరి. మెదకు ప్రాంతమున పుట్టి, కొడుకు ఉద్యోగము వెంట గోపన్‌పల్లి చేరినవారు. దీపములు వెలుగువరకు బయట తిరుగుదమని పిల్లలు అనగా, ఆమె ఒప్పుకొనలేదు. “దీపాలు యాడికి పోవు. పొద్దు పోతది. ముందుగాల లోపలికి నడవుండ్రి” అని తొందరపెట్టెను. ఎందుకో లోపలికి వెళ్లినగాని తెలియలేదు. పడమటి ప్రక్కనున్న రంగుటద్దముల కిటికీలో ప్రభువు జననము చిత్రింపబడినది. లండనులోని ఫ్రాంక్ సాలిస్‌బరీ గారు చిత్రించిన మూడు కిటికీలలో అది రెండవది, 1947లో అమర్చినది. బలిపీఠము వెనుకనున్న ఆరోహణపు కిటికీ 1927లోను, తూర్పుననున్న సిలువ కిటికీ 1958లోను వచ్చినవి. మేము బయటినుండి చూచినప్పుడు ఆ పడమటి కిటికీ మసిబారిన పలకవలె నుండెను. లోపలినుండి చూడగా వ్రాలుచున్న సూర్యుడు దానివెనుక నిలిచియుండెను. నీలము, ఎరుపు, బంగారు రంగులు క్రింది నేలమీదికి వచ్చి పడినవి. ఒక చిన్నపిల్ల ఆ ఎరుపులో చేయి పెట్టి త్రిప్పి త్రిప్పి చూచుకొనెను. మేము కట్టిన దీపములు గోడకు బయట కట్టినవి, దారిన పోవువారు చూచుటకు. ఈ వెలుగును చూడవలెనన్న లోపలికి రావలెను. వచ్చినవారికి అది వెల లేకయే దొరకును.

అర్ధగంటలో రంగులు పోయినవి. అంతలో మాష్టరుగారు అవ్వతో, ఇంత గొప్ప కట్టడము కరవు కాలములో కట్టుట న్యాయమా అని అడిగిరి. ఆ రోజులలో ఈ ప్రాంతమున కరవు ఉండినదనియు, పనిచేసినవారికి కూలిగా ఆహారము పెట్టిరనియు మెదకులో ఎవరి నడిగినను చెప్పుదురు. అవ్వ చెప్పిన మాటను ఆమె పలుకుబడిలోనే వ్రాయుచున్నాము:

“మా తాత ఈడ్నే రాళ్లు మోసిండు బిడ్డా. గింజల కోసమే వచ్చిండు. దొర ఊకె పెడితే తిని మర్చిపోతుండె. పని చెప్పిండు గనుక సచ్చేదాంక ఏటేటా పండుగకు వచ్చి, గీ కంబం కాడ నిలవడి, గిది నాది అంటుండె. నన్ను సంకనెత్తుకొని చూపెట్టిండు.”

మాష్టరుగారు ఆ స్తంభముమీద చేయి పెట్టి కొంతసేపు నిలిచిరి. పిమ్మట మావైపు తిరిగి, “మన దేవాలయమునకు దీపములు కట్టినదెవరు?” అనిరి.

కరెంటు పిల్లవాడు అని చెప్పితిమి. పేరు? ఎవరికిని తెలియలేదు. పగలు వచ్చి కట్టెను, కూలి తీసికొనెను, వేరొక చోటికి పోయెను. వెలిగిన తరువాత వాటిని చూచెనా? అదియు తెలియలేదు. పట్టపగలు దండలు కట్టి, సాయంకాలమునకు ముందే మరియొక గోడ ఎక్కువానికి తన పని వెలుగుట చూచు తీరిక ఎక్కడిది?

తిరుగు ప్రయాణములో మేము ద్వితీయోపదేశకాండము పదునారవ అధ్యాయము తీసి చదివితిమి. పండుగనాడు సంతోషింపవలసినవారి పట్టీ అందులో నున్నది: నీవు, నీ కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. ఎన్నిసార్లో చదివిన వచనమే. అయితే ఈ తూరి ఒక సంగతి మమ్మును పట్టుకొనెను. పేదకు పంపుము అను ఆజ్ఞ వేరుగా నున్నది. నెహెమ్యా దినములలో ఏమియు సిద్ధపరచుకొనలేనివారికి వంతులు పంపిరి (8:10). ఇక్కడ మాత్రము అట్లు కాదు. దాసునికి ఇమ్మని కాదు, దాసుడు సంతోషింపవలెనని యున్నది, నీతోకూడ, ఒకే చోట. దుప్పటి పంపుట కంటె ఇది కష్టము. దుప్పటి పంపువాడు తన యింటనే యుండవచ్చును.

అమెరికాలో ఉత్తర కెరొలైనా రాష్ట్రములో మెకాడెన్‌విల్ అను చిన్న మిల్లు ఊరు కలదు. 1956లో అక్కడి పురుషుల సంఘమువారు తొమ్మిది చెట్లకు దీపములు కట్టిరి. నేడు ఊరంతయు దీపములే, ఆ వీధులగుండ చూచువారి కార్లు బారులు తీరును. ఆడంబరమని దానిని మనము నిందింపవచ్చును. కాని తొలినాడు నిచ్చెన యెక్కినవారు ఆ యూరివారే, రాత్రి తమ పిల్లలకు చూపుకొన్నవారును వారే. మా దేవాలయపు దీపములు ఆ తొమ్మిది చెట్ల పాటి కావు. వాటికంటె ఎన్నో ఎక్కువ, వాటికంటె ఎంతో తక్కువ.

కనుక వెలుగులు చూచి సంతోషించుట తప్పు కాదని మేము ఒప్పుకొంటిమి. మాష్టరుగారును చివరకు అంతవరకు ఒప్పుకొనిరి. అయితే దుప్పట్ల మాట వారు విడిచిపెట్టలేదు. ఆ చందాపట్టీ ఇప్పటికిని మా సంఘములో తిరుగుచున్నది, ఇంకను చేవ్రాలు చేయనివారు తమ్మును తామెరుగుదురు.

మరునాడు మాష్టరుగారు గుమాస్తావద్ద నంబరు తీసికొని ఆ పిల్లవానికి ఫోను చేసిరి. అతనికి ఇరువది నాలుగవ తేది రాత్రివరకు పని యున్నది. పండుగనాటి రాత్రి వచ్చెదననెను. ఆ రాత్రి పది గంటలకు దీపములు ఆర్పుట మా వాడుక. అందరును వెళ్లిపోయిరి. మాష్టరుగారు స్విచ్చిబోర్డు దగ్గర కుర్చీ వేసికొని కూర్చుండిరి, మేము నలుగురము వారితో నుంటిమి. పది దాటిన తరువాత మోటారుసైకిలు ఒకటి వచ్చి గేటు బయట ఆగినది. అతడు, భార్య, మధ్యలో శాలువ చుట్టిన మూడేండ్ల పాప. అతని మతమేదో మేమడుగలేదు.

“లోపటికి రావచ్చా సార్?” అనెను. తాను మూడు దినములు ఎక్కి దిగిన గోడకు బయట నిలువబడి అడిగెను.

రమ్మంటిమి. కేకు తెచ్చియిచ్చితిమి. పాప మెడ వెనుకకు వంచి సిలువవరకు చూచెను. తల్లి ఏదో చెవిలో చెప్పి తండ్రివైపు వ్రేలు చూపెను. అతడు మాత్రము దీపములను చూచి నవ్వలేదు. కన్నులు చికిలించి పైకి చూచుచు నిలిచెను.

“సార్, ఎడమ దిక్కు మూడో దండ వెలుగుత లేదు. ఎన్నడు పోయింది?”

మేమెవరమును చూచియుండలేదు. వారము దినములుగా ఆ దీపములక్రిందనే తిరిగితిమి. ఇప్పుడెందుకు, రాత్రియైనది, పండుగ అయిపోయినది అంటిమి. అతడు వినలేదు. నిచ్చెన ఎక్కడనని అడిగి, చెప్పులు విడిచి, టెస్టరు నోట కరచుకొని పైకెక్కెను. మాష్టరుగారు క్రింద నిచ్చెన పట్టుకొనిరి.