హంతకుడికి పనితనం అంటగట్టడం

1888లో లండన్ వైట్‌చాపెల్‌లో వరసగా స్త్రీలను చంపినవాడికి శరీరశాస్త్రం తెలుసా? యానీ చాప్‌మన్ శవాన్ని పరీక్షించిన డాక్టర్ ఫిలిప్స్ తెలుసన్నాడు. మేరీ కెల్లీ శవాన్ని పరీక్షించిన డాక్టర్ బాండ్ మాత్రం, కసాయికి ఉండేపాటి తెలివిడి కూడా లేదన్నాడు. హంతకుడు దొరకనేలేదు. వాదన ఇప్పటికీ నడుస్తోంది.

దర్యాప్తుకి ఆ ప్రశ్న అవసరమే. ఎవరిని అనుమానించాలో, ఎవరిని వదిలేయాలో దాన్నిబట్టి తేలొచ్చు. కానీ గాయం చెప్పేది కత్తి ఎటు నడిచిందన్నదే. ఆ చేతికి చదువుందా, అలవాటుందా, ఉత్త కసేనా అన్నది చాలామటుకు మన ఊహ. ఆ ఊహలోంచే ‘మేధావి హంతకుడు’ పుడతాడు.

2020 మేలో వరంగల్ దగ్గర గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు దొరికాయి. వలస కూలీలు, వాళ్లతోపాటు ఒక పసివాడు. మొదట ఆత్మహత్యలేమో అనుకున్నారు. తిండిలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్లను బావిలో పడేశాడని తర్వాత తేలింది. ‘ఒక్కడే అంతమందినా, ఎంత తెలివి!’ అన్న మాట ఆ రోజుల్లో జనగామలో విన్నాను, మహబూబాబాద్‌లో విన్నాను, భూపాలపల్లిలోనూ విన్నాను. ఏం తెలివి? తెలిసినవాడే కదా అని వాళ్లు అతణ్ణి నమ్మారు, అంతే.

శవపరీక్ష నివేదిక చనిపోయినవాళ్ల ఆఖరి సాక్ష్యం. దాన్ని చంపినవాడి యోగ్యతాపత్రంగా చదవడం వాళ్లకి మనం చేసే అన్యాయమని నాకనిపిస్తుంది.